ఆ కోడు వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఆ మెయిలు మళ్ళీ వచ్చింది. నరసరావుపేటలో నేనుండేది మేడమీద రెండు గదుల పోర్షన్లో. వేసవిలో పదింటికల్లా శ్లాబు కాలడం మొదలవుతుంది కాబట్టి, బుర్ర పెట్టాల్సిన పనులన్నీ ఆలోపే చేసుకుంటాను. ఆ రోజు పొద్దున తెరిచిన మొదటి మెయిలే అది. ప్రాసెసరులో దశాంశాల లెక్కలు చేసే భాగం లేని పాత మిషన్ల కోసం కెర్నెల్లో ఉంచిన కోడును ఇక తీసేద్దామనుకుంటున్నారట. దాన్ని ఇంకా వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఈ ప్రశ్న రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ "ఒకరున్నారు" అని జవాబిచ్చి ఆపింది నేనే.

మా పనిలో ఇదొక ఆచారం. కెర్నెల్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే లేచి, తక్కిన ప్రోగ్రాములన్నిటికీ పని పంచిపెట్టే ప్రోగ్రాము. దాన్ని రాసేవాళ్ళం ప్రపంచంలో తలో మూలన కూర్చుని ఉంటాం. మాట్లాడుకునేది మెయిళ్ళలోనే. అందులోంచి పాత కోడు ఏదైనా పీకేసేముందు ఇలా అందరికీ చాటింపు వేస్తారు. ఎక్కడో ఒక్కరు "నేను వాడుతున్నాను" అన్నా మర్యాదకైనా ఆగుతారు. ఎవరూ పలక్కపోతే తీసేస్తారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, నోరు తెరవనివాళ్ళకి మా దగ్గరా ఏమీ మిగలదు.

మా చర్చిలో కూడా ఇలాంటిదే ఉంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, ఈ ఇద్దరికీ పెళ్ళి జరగబోతోంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని. నా పెళ్ళికీ చదివారు. మూడు వారాలూ ఒక్కరూ నోరు మెదపలేదు. ఎవరో ఒకరు మెదిపి ఉంటే బాగుండేదని ఆరేళ్ళ తర్వాత అందరికీ తెలిసొచ్చింది, నాతో కలిపి. అప్పటినుంచి, ఎవరూ పలకలేదు కాబట్టి అందరికీ సరేనన్నట్టే అనుకునే పద్ధతంటే నాకు ఒళ్ళు మంట.

ఆ కోడు చేసే పని చెప్పడం తేలికే. పాతకాలపు చవక ప్రాసెసర్లలో కొన్నిటికి పూర్ణసంఖ్యల లెక్కలే వచ్చు. పదహారు పాయింట్ నాలుగులోంచి ఏడు పాయింట్ ఆరు తీసెయ్యమంటే వాటికి చేతకాదు. చదువురాని మనిషి ఉత్తరం వస్తే పక్కింటికి పట్టుకెళ్ళి చదివించుకున్నట్టు, అలాంటి లెక్క తగిలినప్పుడల్లా ఆ ప్రాసెసరు ఆగి కెర్నెల్ని పిలుస్తుంది. కెర్నెల్లో ఉన్న ఈ కోడు ఆ సంఖ్యని ముక్కలు చేసి, పూర్ణసంఖ్యలతోనే తంటాలు పడి, జవాబు తెచ్చి చేతిలో పెడుతుంది. ఇంత తతంగం జరిగిందని పైనున్న ప్రోగ్రాముకి తెలియనే తెలియదు. ఇప్పుడు అలాంటి ప్రాసెసర్లు దాదాపు కనపడవు. జేబులో పెట్టుకునే ఫోనుకు కూడా దశాంశాలు పుట్టుకతోనే వస్తున్నాయి. అయినా నేను "ఒకరున్నారు" అన్నానంటే, కారణం దాచేపల్లి దగ్గరున్న ఒక కాటా.

లారీని అలాగే పైకెక్కించి తూచే కాటా అది. సున్నపురాయి లారీలు, సిమెంటు లారీలు, సీజన్లో మిరపకాయల లారీలు వస్తాయి. ఎంసీయే అయిన ఏడాది, ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, ఆదివారాలు ఆ కాటాకి బరువు చీటీల ప్రోగ్రాము రాసివ్వడంలాంటి పైపనులు ఒప్పుకునేదాన్ని. కాటా ఓనరు గుంటూరులో ఉండేవాడు. తూచేదీ, చీటీ ఇచ్చేదీ, డ్రైవర్ల చేత మాటలు పడేదీ అంతా ఒక్క మనిషే. ఖాకీ చొక్కా, చెవిమీద పెన్ను, కనుబొమల నిండా తెల్లటి దుమ్ము. మొదటిరోజు నన్ను చూసి, ఈ దుమ్ములో ఏం పనమ్మా నీకు అని మొహం చిట్లించాడు. సాయంత్రానికి నేను ఆయన్ని బాబాయ్ అంటున్నాను. మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ తెచ్చిన ఆవిడ పిన్ని అయిపోయింది. రెండో ఆదివారం నుంచి ఆ క్యారేజీలో నాకూ ఒక గిన్నె ఉండేది. దోసకాయ పప్పు, దాని పక్కన నాలుక ఊడొచ్చేంత కారంగా పండుమిరపకాయల పచ్చడి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగితే పిన్ని నవ్వేది. ఆ తర్వాత ఇద్దరూ నా పెళ్ళికి వచ్చి చర్చిలో ఆఖరి వరసలో చెప్పులు విప్పుకుని కూర్చున్నారు.

ఓనరు కొనిచ్చింది టిఫిన్ డబ్బా అంత చిన్న కంప్యూటరు, దుమ్ముకి తట్టుకునేది. దాని ప్రాసెసరుకి దశాంశాలు రావన్న సంగతి నేను చూసుకోలేదు. పైగా నేను చేసిన తప్పు ఇంకొకటుంది. కాటా నుంచి బరువు వచ్చేది కిలోల్లో, పూర్ణసంఖ్యగా. దాన్నలాగే ఉంచుకుని, చీటీ అచ్చయ్యేటప్పుడు మధ్యలో ఒక చుక్క పెడితే సరిపోయేది. కానీ లారీలవాళ్ళు పదహారున్నర, పదిహేడుంబావు అని టన్నుల్లో మాట్లాడుతుంటే విని విని, నేను ప్రోగ్రాము మొత్తం టన్నుల్లోనే, దశాంశాల్లోనే రాసేశాను. కొత్తగా నేర్చుకున్న పిల్ల చేసే తప్పు. కెర్నెల్లో ఆ కోడు ఉండబట్టి ఆ తప్పు ఎప్పుడూ బయటపడలేదు. చీటీలు చక్కగా వచ్చాయి.

కొన్నేళ్ళకి ఒకసారి కొత్త కెర్నెల్ వేస్తే చీటీ మీద ఖాళీ లారీ బరువు లోడు లారీ కంటే ఎక్కువ వచ్చింది. డ్రైవర్లు కాటా చుట్టూ మూగి బాబాయిని పట్టుకుని నవ్వారు. నేను మూడు ఆదివారాలు ఆ కోడుతో కుస్తీపట్టి, ఎవరో చేసిన మార్పులో ఒక పొరపాటు పట్టుకుని, సరిచేసి పంపాను. కెర్నెల్లోకి వెళ్ళిన నా మొదటి మార్పు అదే. దాన్ని చూసి ఇంకో పని ఇచ్చారు, ఆపై ఇంకొకటి. చివరికి ఎక్కడో దూరదేశపు కంపెనీ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చింది. అది ఒకందుకు మంచిదే అయింది. అప్పటికి నా సంసారం విడిపోయింది. కాలేజీ స్టాఫ్‌రూములో జాలి చూపులు భరించలేక మానేద్దామా అనుకుంటున్న రోజులవి.

నా మొదటి తప్పు సంగతి అప్పుడే గ్రహించాను. ఒక గంట కూర్చుంటే కిలోల్లోకి మార్చేయొచ్చు. మార్చలేదు. నడుస్తున్నదాన్ని కదపకూడదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం వేరే ఉంది. మార్చేస్తే ఆ మిషన్ని కనిపెట్టుకుని ఉండే పని నాకు లేకుండా పోతుంది.

ఉద్యోగం ఇంట్లోకి వచ్చాక దాచేపల్లి వెళ్ళడం తగ్గి, ఆగిపోయింది. ఫోన్ మిగిలింది. దసరాకి నేను చేసేదాన్ని, ఆయుధపూజ నాడు బాబాయ్ మిషన్‌కి బొట్టు పెడతాడు కాబట్టి. క్రిస్మస్‌కి ఆయన చేసేవాడు. రోహిణి కార్తెలో మళ్ళీ నేను, ఆ ఎండకి మిషన్ తట్టుకుంటోందా లేదా అని. ఎప్పుడు చేసినా ఒకటే మాటలు. మిషన్ ఎలా ఉంది అని నేను. నడుస్తందమ్మా అని ఆయన. చీటీలు సరిగ్గా వస్తున్నాయా అని నేను. వస్తన్నాయి అని ఆయన. ఇంతలో వెనక హారన్ మోగేది. "లారీ వచ్చింది, ఉంటానమ్మా" అని పెట్టేసేవాడు. లారీని ఒక్క నిమిషం ఆపిన మనిషి కాదు ఆయన.

ఆ రెండు నిమిషాల ఫోనే నాకు ఏడాదిలో పెద్ద సంగతి అని ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ, నిజం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెయిళ్ళు చదువుతాను, వాటిలో మనుషులు చాలా మర్యాదస్తులు. నా కోడులో తప్పు పట్టేముందు కూడా థాంక్స్ చెబుతారు. కానీ నేను నాలుగు రోజులు జ్వరంతో పడుకుని లేస్తే అక్కడ ఎవరికీ తెలియదు. మెట్ల మీద ఇంటావిడ ఎదురైతే నీళ్ళ మోటారు సంగతి మాట్లాడుతుంది. కొన్ని ఆదివారాలు చర్చిలో ఆరాధన మొదలయ్యాక వెళ్ళి, ముగిసేలోపే లేచి వచ్చేదాన్ని. ఎవరైనా పలకరిస్తారేమోనని భయం, పలకరించరేమోనని కూడా.

అందుకే మూడోసారి మెయిలు వచ్చినప్పుడు మళ్ళీ కూర్చుని జవాబు రాశాను. ఒకరున్నారు, మారుమూల ఒక కాటా దగ్గర రోజూ వాడుతున్నారు, తీయకండి. వెంటనే ఒకాయన నెమ్మదిగా అడిగాడు, తీసేసినా ఆ మిషన్ పాత కెర్నెల్తో అలాగే నడుస్తుంది కదా అని. నాకు తెలియదా ఏంటి! అయినా వాదించాను. రేపు ఏదైనా లోపం బయటపడితే దిక్కెవరన్నాను. దానికి నెట్ కనెక్షనే లేదని మీరే చెప్పారు, బయటివాళ్ళు చొరబడే దారేది అన్నాడాయన. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ఇంకో నాలుగు మెయిళ్ళు నడిపాను. ఆఖరికి ఆయన ఒక్కటే కోరాడు. ఈ కోడుని నిజమైన మిషన్ మీద పరీక్షించి ఏళ్ళయింది, మీరు ఆ కాటా మిషన్ మీద కొత్త కెర్నెల్ వేసి చూసి చెప్పండి, పనిచేస్తే ఉంచేద్దాం అన్నాడు. న్యాయమైన మాట.

మర్నాడే పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. పిడుగురాళ్ళలో మారి దాచేపల్లి బస్సు పట్టుకున్నాను. దారిలో చెట్లు సున్నపు దుమ్ముతో ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. చాలా ఏళ్ళ తర్వాత ఒక మనిషి దగ్గరికి పనిమీద వెళుతున్నానని హుషారుగా ఉంది. ఫోన్ చేయలేదు, నన్ను చూసి ఆశ్చర్యపోవాలని.

ఆశ్చర్యపోయాడు బాబాయ్. కుర్చీలోంచి లేచి, చెవిమీద పెన్ను తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. జుట్టు తెల్లబడిందో, దుమ్మో తెలియలేదు. "నువ్వేందమ్మా, చెప్పకుండా వచ్చావు" అన్నాడు. గొంతులో సంతోషం కంటే కంగారే ఎక్కువ వినపడింది. ఎందుకో నాకు బల్ల చూశాక అర్థమైంది. బల్ల మీద కొత్త కంప్యూటరు ఉంది, వెడల్పాటి స్క్రీనూ, కొత్త ప్రింటరూ. బయట లారీ కాటా ఎక్కగానే ఎర్రటి అంకెలు వాటంతటవే వెలిగాయి. ఆయన ఒక్క బటన్ నొక్కితే చీటీ బయటికొచ్చింది.

నా మిషన్ మూలన గోడ అలమరలో ఉంది. తుడిచి శుభ్రంగా ఉంది. దాని నొసట పసుపు, కుంకుమ బొట్లు ఒకదానిమీద ఒకటి పొరలు కట్టి ఉన్నాయి. కిందటి దసరాకి పెట్టిన నిమ్మకాయ నల్లగా ఎండిపోయి పక్కనే ఉంది. వైరు తెచ్చి ప్లగ్గులో పెట్టాను. దీపం వెలగలేదు. ఇంకో ప్లగ్గులో పెట్టాను. ఆయన నావైపు చూడకుండా చీటీల కట్ట సర్దుతూ నిలబడ్డాడు.

ఎన్నాళ్ళయింది అని అడిగాను. రెండేళ్ళు దాటిందని చెప్పాడు. ఓనరు కొడుకు వచ్చి అన్నీ మార్పించాడట.

నాకు కోపం వచ్చింది. ఆయన మాట నమ్మి నేను ప్రపంచంలో ఎంతమందితో పోట్లాడాను! కానీ మధ్యాహ్నమైంది, ముందు అన్నం తిందాం అన్నాడు. సంచిలోంచి హోటలు పార్సిలు తీశాడు. పేపరు విప్పి, అన్నాన్ని రెండు భాగాలు చేస్తున్నాడు. పిన్ని క్యారేజీ పంపలేదా అని అడిగాను.

"మీ పిన్ని పోయి మూడేళ్ళయిందమ్మా" అన్నాడు. అన్నం పంచడం ఆపలేదు.

మూడేళ్ళంటే తొమ్మిది ఫోన్లు. ఆ తొమ్మిదిసార్లూ ఆయన ఇంట్లో ఆవిడ లేదు, నేను మిషన్ వేడెక్కుతోందా అని అడిగాను. నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం బాబాయ్ అన్నాను. నువ్వు అడగలేదుగా అన్నాడు. నిష్ఠూరంగా కాదు, జరిగింది చెప్పినట్టే. అది ఇంకా తగిలింది.

"మిషన్ సంగతి అడిగాను కదా. అది నడుస్తోందని అబద్ధం ఎందుకు చెప్పారు?"

ఆయన చాలాసేపు నమిలాడు. తర్వాత అన్నాడు, "ఆమె పోయినాక నాకు ఫోన్ చేసేది ఇద్దరే. ఓనరు లారీల సంగతి అడుగుతాడు. నువ్వు మిషన్ సంగతి అడుగుతావు. అది ఆగిపోయిందంటే నువ్వు ఇంకేం అడుగుతావు? చెయ్యడం మానేత్తావుగా."

హోటలు పచ్చడిలో కారమే లేదు. అయినా నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపటికి ఆయన మాట మార్చి, అల్లుడు ఎట్లా ఉన్నాడు, నీతోపాటు తీసుకురాకపోయావా అన్నాడు. విడిపోయి ఎనిమిదేళ్ళయింది బాబాయ్ అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. నేనూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఏళ్ళ తరబడి ఇద్దరం ఒకరికొకరం అన్నీ సరిగ్గానే నడుస్తున్నాయని చెప్పుకుంటూ వచ్చాం. బయట ఎవరో హారన్ కొట్టారు. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. సాయంత్రం బస్సు దాకా లారీలు వస్తూనే ఉన్నాయి, మేము మళ్ళీ పెద్దగా మాట్లాడుకోలేదు. బస్సెక్కుతుంటే మాత్రం, ఒక్కదానివే ఉంటన్నావా అని అడిగాడు. తలూపాను.

మర్నాడు మెయిలు రాశాను. వాడేవాళ్ళు ఎవరూ లేరు, రెండేళ్ళుగా లేరు, నేను కనుక్కోకుండా చెప్పాను, పొరపాటు నాది. దానికి ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ కోడు మీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు కదా, తీసేసే పని మీరే చేస్తారా అని అడిగారు.

చేశాను. వారం పట్టింది. తీసేయడం అంటే ఫైళ్ళు చెరిపేయడం కాదు. ఆ కోడు చెయ్యి ఎక్కడెక్కడ దాకా చాచిందో వెతికి, ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ రావాలి. అలా విప్పుతూ నా మొదటి మార్పు దగ్గరికి వచ్చాను. మూడు లైన్లు. పిన్ని పెట్టిన అన్నం తిని ఆ కాటా గదిలో కూర్చుని రాసినవి. ఒక పూటంతా వాటిని అలాగే ఉంచి తక్కినవి చెరిపాను, తర్వాత వాటినీ చెరిపాను. ఆ కోడు లేకుండా కొత్త కెర్నెల్ తయారుచేసి నా దగ్గరున్న మిషన్లన్నిటిలో వేసి చూశాను. అన్నీ నడిచాయి. ఏదో ఒకటి చెడిపోతుందని, ఎక్కడో ఒకచోట ఆ కోడు లేదని తెలుస్తుందని లోపల ఆశపడ్డాను. ఏదీ చెడలేదు. పంపాక "తీసుకున్నాం, థాంక్స్" అని ఒక లైను జవాబు వచ్చింది. ఆ సాయంత్రం నేను గదిలో ఏడ్చాను. కోడు కోసం ఏడ్చేంత పిచ్చిదాన్ని కాదు. ఇక ఎవరికైనా ఫోన్ చేయడానికి నా దగ్గర వంక లేదు.

రోహిణి కార్తె వచ్చింది, వెళ్ళింది. చాలాసార్లు ఫోన్ తీశాను. ఏమని అడగను? పిన్ని సంగతి అడగాల్సిన కాలం దాటిపోయింది. నా సంగతి చెప్పడం నాకు చేతకాదు. ఆయనా చేయలేదు.

దసరా నాడు మధ్యాహ్నం చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. "ఏందమ్మా" అన్నాడు. ఇద్దరం ఆగిపోయాం. ఆ ఖాళీలో ఎప్పుడూ మిషన్ ఉండేది.

"ఏందమ్మా, ఏమన్నా పనుందా?" అన్నాడు మళ్ళీ.

"పనేం లేదు బాబాయ్. ఊరికే చేశాను."

"ఊరికే చేశావా" అన్నాడు, నెమ్మదిగా. తర్వాత, పొద్దున తనే వంకాయ కూర వండుకున్నానని, అడుగంటిందని చెప్పాడు. పొయ్యి మంట తగ్గించాలి బాబాయ్ అన్నాను. నువ్వేం వండావన్నాడు. నేను పండగ చేయకపోయినా పొద్దున ఇంటావిడ గారెలు ఇచ్చిందని, మోటారు సంగతి కాకుండా ఆవిడ నాతో మాట్లాడటం ఇదే మొదటిసారని చెప్పడం మొదలుపెట్టాను.

ఇంతలో వెనక లారీ హారన్ మోగింది. ఇంకోసారి, గట్టిగా. నేను మాట ఆపి, "ఉంటానమ్మా" కోసం ఎదురుచూశాను.

"ఆగవయ్యా, ఫోన్ మాట్లాడతన్నా" అని బయటికి కేకేశాడు ఆయన. తర్వాత నాతో, "చెప్పమ్మా" అన్నాడు.